పాజిటివ్, 2+, 22 శాతం: రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఏ అంకె మందును మారుస్తుంది?

రొమ్ములో గడ్డకు బయాప్సీ చేసి క్యాన్సర్ అని తేలాక కొన్ని రోజులకు ఇంకో కాగితం వస్తుంది. ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్-2 రెండు ప్లస్, కేఐ-67 ఇరవై రెండు శాతం అని ఉంటుంది. ఇంట్లో వాళ్లు దాన్ని ఫొటో తీసి తెలిసిన డాక్టరుకో, అమెరికాలో ఉన్న మేనకోడలికో వాట్సాప్‌లో పంపి "పాజిటివ్ అని వచ్చింది, అంటే బాగా ముదిరిందా?" అని అడుగుతారు. ముదిరిందా లేదా అన్నది చెప్పే కాగితం అది కాదు. గడ్డ ఎంత పెద్దది, చంకలోని గ్రంథులకు పాకిందా, ఊపిరితిత్తులకో ఎముకలకో చేరిందా అన్నవాటిని బట్టి స్టేజ్ చెబుతారు. ఈ కాగితం ఆ క్యాన్సర్ కణం స్వభావం చెబుతుంది, అంటే అది దేన్ని పట్టుకుని పెరుగుతోంది, ఎంత వేగంగా పెరుగుతోంది, ఏ మందుకు లొంగే అవకాశం ఉంది అన్నది. వీటినే బయోమార్కర్లు అంటారు.

దేశాలవారీగా క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98 వేల మందికి పైగా దానితో చనిపోయారు. అంటే ఈ కాగితం చేతికొచ్చే కుటుంబాలు ఏటా లక్షల్లో ఉన్నాయి. పైగా గత మూడు నాలుగేళ్లలో ఈ కాగితం మీది అంకెల అర్థాలే కొన్ని మారాయి, నిన్నటిదాకా "నెగెటివ్" అన్నదానికి ఇవాళ మందు ఉందంటున్నారు. అందుకే గందరగోళం ఇంకా పెరిగింది.

మార్కర్ చేసే పనులు రెండు, వాటిని కలిపేస్తేనే చిక్కు

ఒక మార్కర్ రెండు రకాల సంగతులు చెప్పగలదు. మొదటిది, ఈ జబ్బు తిరిగొచ్చే ముప్పు ఎక్కువా తక్కువా అన్నది. రెండోది, ఫలానా మందు ఈ మనిషికి పని చేస్తుందా లేదా అన్నది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కానీ ముప్పు చెప్పే మార్కర్లన్నీ మందును ఎంచి పెట్టలేవు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

లక్ష్మి, సరోజ అనే ఇద్దరు రోగులను ఊహించుకుని ఒక లెక్క వేసి చూద్దాం, పేర్లూ అంకెలూ ఉదాహరణ కోసం వేసుకున్నవి మాత్రమే. లక్ష్మి లాంటి వంద మందిలో ఆపరేషన్, హార్మోన్‌ను అడ్డుకునే మాత్రల తర్వాత జబ్బు తిరిగొచ్చే అవకాశం 6 మందికి ఉందనుకుందాం. సరోజ లాంటి వంద మందిలో 30 మందికి ఉందనుకుందాం. కీమో ఇద్దరి విషయంలోనూ ఆ ముప్పును మూడో వంతు తగ్గిస్తుందనుకుంటే, లక్ష్మి గుంపులో 6 కాస్తా 4 అవుతుంది, సరోజ గుంపులో 30 కాస్తా 20 అవుతుంది. మందు శక్తి ఒకటే, కానీ మొదటి గుంపులో వంద మందికి కీమో ఇస్తే ఇద్దరికి మేలు, రెండో గుంపులో పది మందికి. మొదటి గుంపులో మిగతా 98 మంది జుట్టు పోగొట్టుకుని, వాంతులు పడి, కొందరు చేతుల తిమ్మిర్లు ఏళ్ల తరబడి భరించి పొందేది ఏమీ లేదు. ముప్పు మాత్రమే చెప్పే మార్కర్ కూడా ఇలా పనికొస్తుంది. అయితే "ముప్పు ఎక్కువ కాబట్టి ఈ మందే పని చేస్తుంది" అని దాన్ని పట్టుకుని అనలేం, ఎందుకంటే అది వేరే ప్రశ్న, దానికి వేరే రుజువు కావాలి.

ఈఆర్: అన్నిటికంటే పాతది, ఇప్పటికీ గట్టిది

1896లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ ఒక సంగతి ప్రచురించాడు. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగాయని. ఎందుకో అప్పటికి తెలీదు, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌నే ఇంకా ఎవరూ గుర్తించలేదు. పైగా అందరిలోనూ అలా కరగలేదు. కొందరిలోనే ఎందుకు పని చేస్తోందన్న ప్రశ్నకు జవాబు షికాగోలో ఎల్వుడ్ జెన్‌సెన్ ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని గుర్తించాక దొరికింది. కొన్ని క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే ఒక ప్రొటీన్ ఉంటుంది, ఆ హార్మోన్ అందితేనే అవి పెరుగుతాయి. ఆ ప్రొటీనే ఈఆర్. దానికి జంటగా ప్రొజెస్టెరాన్‌ను పట్టుకునేది పీఆర్.

కాబట్టి ఈఆర్ పాజిటివ్ అంటే హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు పని చేసే అవకాశం ఉందని అర్థం. టామోక్సిఫెన్ వాటిలో పాతది, అమెరికాలో 1977లో అనుమతి వచ్చింది. నెలసరి ఆగిపోయినవాళ్లకు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటివి ఎక్కువగా ఇస్తారు. పాజిటివ్ కణితి ఉన్నవాళ్లు ఐదేళ్లు టామోక్సిఫెన్ వాడితే 15 ఏళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని, ఈఆర్ లేనివాళ్లలో దాదాపు ఏ లాభమూ లేదని ఎన్నో ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణల్లో తేలింది. మార్కర్ ఉంటే మేలు, లేకపోతే లేదు. రెండో రకం మార్కర్‌కు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. మందు కూడా చవక.

అయినా ఇక్కడా ఒక గీత ఉంది. వంద క్యాన్సర్ కణాల్లో ఒక్కదానికి, ఈఆర్‌ను చూపించడానికి పరీక్షలో వేసే రంగు అంటినా ప్రస్తుత లెక్కలో పాజిటివే. 90 శాతం కణాలకు అంటినా పాజిటివే. 1 నుంచి 10 శాతం మధ్య ఉన్నవాటిని 2020 నుంచి "లో పాజిటివ్", అంటే తక్కువ పాజిటివ్ అని విడిగా రాయమంటున్నారు, ఎందుకంటే వాటిలో చాలా కణితులు ఈఆర్ లేనివాటిలాగే నడుచుకుంటాయి. 35 మార్కులకు పాస్ అని పెట్టినంత మాత్రాన 34 వచ్చిన పిల్లాడికీ 36 వచ్చిన పిల్లాడికీ చదువులో పెద్ద తేడా ఉండదు, ఈ గీతలూ అలాంటివే. శరీరంలో అలాంటి గీత ఉండదు, ఎవరికి మందు ఇవ్వాలో తేల్చుకోవడానికి మనం గీసుకుంటాం.

ఇంకో సంగతి జనం పెద్దగా మాట్లాడుకోరు కానీ నా దృష్టిలో చాలా ముఖ్యమైనది, పరీక్ష సరిగ్గా చేశారా అన్నది. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో 1997 నుంచి 2005 వరకు చేసిన ఈఆర్ పరీక్షలను మళ్లీ చేయిస్తే దాదాపు 400 మంది స్త్రీల ఫలితం తప్పని బయటపడింది. పాజిటివ్ ఉన్నవాళ్లకు నెగెటివ్ అని రాశారు, దాంతో వాళ్లకు అందాల్సిన హార్మోన్ మందు అందలేదు. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ నేతృత్వంలో విచారణ జరిగింది. పరీక్ష సూత్రంలో లోపం లేదు, చేసే తీరులో ఉంది. తీసిన ముక్కను గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి, అందులో కనీసం 6 గంటలు, ఎక్కువంటే 72 గంటలు ఉంచాలి. ఒక ఊళ్లో ఆపరేషన్ చేసి ముక్కను సీసాలో పెట్టి బస్సులో ఇంకో ఊరి ల్యాబ్‌కు పంపే చోట ఈ గంటల లెక్క తప్పడం ఎంత తేలికో ఆలోచించండి. కోట్లు పోసి కనిపెట్టిన మందు కూడా ఆ సీసా దగ్గరే వృథా అయిపోవచ్చు.

హెర్-2: రెండు గదులుగా ఉన్నది మూడు గదులైంది

కణం మీద పెరుగుదల సంకేతాలు అందుకునే ఇంకో ప్రొటీన్ హెర్-2. మామూలు కణాల మీద కొద్దిగా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం వాటిలో దాని జన్యువు ప్రతులు పెరిగిపోయి కణం నిండా ఇదే ఉంటుంది. ఇలాంటి కణితి ఉన్నవాళ్లలో జబ్బు త్వరగా తిరిగొస్తుందని 1987లో డెన్నిస్ స్లామన్ బృందం చూపించింది. అప్పటికి హెర్-2 కేవలం చెడ్డ వార్త, అంటే మొదటి రకం మార్కర్. 1998లో దాన్నే గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ వచ్చాక అదే హెర్-2 రెండో రకం మార్కర్ కూడా అయింది. 2005లో వెలువడిన ట్రయల్స్‌లో తొలి దశ జబ్బుకు ఆపరేషన్ తర్వాత ఈ మందు కలిపితే తిరిగొచ్చే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. చెడ్డ వార్తగా మొదలైన మార్కర్ ఇలా మందుకు దారి అవడం ఈ రంగం మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించే విషయం.

పరీక్షలో 0, 1+, 2+, 3+ అని రాస్తారు. 3+ అయితే పాజిటివ్. 2+ అయితే తేలలేదని అర్థం, అప్పుడు జన్యువు ప్రతులు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేస్తారు, అందులో పెరిగినట్టు తేలితే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. 0, 1+ రెండూ నెగెటివ్. ఇరవై ఏళ్లకు పైగా ఇదే లెక్క.

2022లో డెస్టినీ-బ్రెస్ట్04 ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందులో యాంటీబాడీకి కీమో మందును అతికిస్తారు, అది హెర్-2ను వెతుక్కుని వెళ్లి కణం లోపల కీమోను వదులుతుంది, పక్క కణాలకు కూడా కొంత పాకుతుంది. అందువల్ల కణం నిండా హెర్-2 ఉండక్కర్లేదు, కొద్దిగా ఉన్నా చాలు. శరీరంలో వేరేచోటికి పాకిన జబ్బు ఉండి, 1+ గానీ, ఫిష్ నెగెటివ్ వచ్చిన 2+ గానీ ఉన్న 557 మందిలో ఈ మందు తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం 23.4 నెలలు, మామూలు కీమో తీసుకున్నవాళ్లది 16.8 నెలలు. దాంతో "హెర్-2 లో", అంటే తక్కువ హెర్-2 అనే మూడో గది పుట్టింది, రొమ్ము క్యాన్సర్లలో దాదాపు సగం అందులోకి వస్తాయి. 2025 జనవరిలో అమెరికా ఇంకో మెట్టు దిగి, హార్మోన్ పాజిటివ్ జబ్బులో "అల్ట్రాలో" అనే, 0 కిందే లెక్కపెట్టే అతి తక్కువ రంగుకు కూడా అనుమతిచ్చింది.

ఇక్కడే నిపుణుల్లో భేదాభిప్రాయం ఉంది. ఒక పక్షం వాదన, "హెర్-2 లో" అనేది వేరే జబ్బు కాదు, ఈ పరీక్షను తయారు చేసిందే 3+ను పట్టుకోవడానికి, 0కీ 1+కీ మధ్య తేడా చెప్పడంలో ఒకే స్లైడ్ చూసిన పాథాలజిస్టులే ఒక మాట మీద ఉండలేకపోతున్నారు, అలాంటి గీత మీద ప్రాణం పోసే మందును ఆధారపెట్టడం ఎలా అని. ఫ్రాన్స్‌లో చేసిన డైసీ ట్రయల్‌లో 0 వచ్చినవాళ్లలో కూడా కొందరికి మందు పని చేసింది, అది ఈ వాదనకు బలం. రెండో పక్షం, పరీక్ష ఎంత మొరటుదైనా దాని ఆధారంగా ఎంచుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు, ఇంతకంటే మంచి పరీక్ష వచ్చేదాకా దీన్ని వాడకుండా ఆగలేం అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. మందు కూడా ప్రమాదం లేనిది కాదు, ఆ ట్రయల్‌లో దాదాపు 12 శాతం మందికి ఊపిరితిత్తుల వాపు వచ్చింది, ముగ్గురు దానివల్ల చనిపోయారు.

డబ్బు సంగతి వదిలేసి హెర్-2 గురించి మాట్లాడితే మన దగ్గర సగమే మాట్లాడినట్టు. ట్రాస్టుజుమాబ్‌కు బయోసిమిలర్, అంటే దాదాపు అదే గుణంతో వేరే కంపెనీ చేసే మందు, మన దేశంలోనే బెంగళూరు బయోకాన్ తెచ్చింది, 2013లో దానికి అనుమతి వచ్చింది. ఏడాది వాడాలా, తక్కువ కాలం సరిపోతుందా అన్నది కూడా డబ్బుతో ముడిపడ్డ ప్రశ్నే. బ్రిటన్‌లో నాలుగు వేలమందికి పైగా స్త్రీలతో చేసిన పర్సెఫొనీ ట్రయల్‌లో ఆరు నెలలకూ పన్నెండు నెలలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఫ్రాన్స్ ఫేర్ ట్రయల్ మాత్రం ఆరు నెలలు సరిపోతుందని నిరూపించలేకపోయింది. అందుకే ప్రామాణికం ఏడాదిగానే ఉంది. ఏడాది ఖర్చు భరించలేక అసలు మొదలే పెట్టని కుటుంబానికి మాత్రం ఆరు నెలల రుజువు చాలా పెద్ద సంగతి. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ మీద 2024 జులై బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, అయినా మామూలు ఇంటికి అది ఇప్పటికీ అందని ధరే.

కేఐ-67: వేగం చెప్పే అంకె, దాన్ని ఎంత నమ్మాలి

విభజన చెందుతున్న కణాల్లో కనిపించే ప్రొటీన్ ఇది. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో గుర్తించారు, ఊరి పేరే దాని పేరులో ఉంది. వంద కణాల్లో ఎన్నింటిలో ఇది కనిపిస్తే అంత శాతం. 5 అయితే నెమ్మది, 40 అయితే వేగం, ఇంతవరకు గొడవ లేదు. మధ్యలో ఉన్నదాంతోనే గొడవ. ఒక ల్యాబ్‌లో 18 వచ్చింది ఇంకో ల్యాబ్‌లో 24 రావచ్చు, గడ్డలో ఏ మూల లెక్కపెట్టారు అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. దీని మీద పని చేసే అంతర్జాతీయ నిపుణుల బృందమే 5 అంతకంటే తక్కువ, 30 అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడే ఈ అంకె ఆధారంగా కీమో నిర్ణయానికి వెళ్లొచ్చని తేల్చింది. రిపోర్టులో 22 శాతం చూసి నిద్రపోలేని టెన్షన్ పడుతున్న వాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ముందు చెప్పిన రెండు పనుల తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. అబెమాసిక్లిబ్ అనే మాత్రను 2021లో అమెరికా తొలి దశ జబ్బుకు అనుమతించినప్పుడు కేఐ-67 కనీసం 20 శాతం ఉండాలని షరతు పెట్టింది. తర్వాత మోనార్క్‌-ఈ ట్రయల్ ఫలితాలు ఇంకా వచ్చాక చూస్తే, కేఐ-67 ఎక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువే, కానీ మందు ఇచ్చే మేలు ఎక్కువున్నవాళ్లకూ తక్కువున్నవాళ్లకూ దాదాపు ఒకే పాళ్లలో ఉంది. 2023 మార్చిలో ఆ షరతు తీసేశారు. ముప్పు చెప్పే మార్కర్‌ను మందు ఎంచే మార్కర్‌గా వాడితే, ఆ షరతు ఉన్న ఏడాదిన్నర లాగా, మేలు పొందగలిగినవాళ్లు కొందరు బయట ఉండిపోతారు.

జన్యు పరీక్షలు: కీమో ఎవరికి అక్కర్లేదు?

ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్, చంక గ్రంథులకు పాకలేదు. ఇలాంటివాళ్లకు మాత్రలు ఎలాగూ ఇస్తారు, కీమో కూడా ఇవ్వాలా? పైన లక్ష్మి, సరోజ లెక్క ఇక్కడికే వస్తుంది. గడ్డలోని 21 జన్యువుల చురుకుదనం కొలిచి 0 నుంచి 100 దాకా స్కోర్ ఇచ్చే ఆంకోటైప్ డీఎక్స్ అనే పరీక్ష ఉంది. దాన్ని పరీక్షించిన టైలర్‌ఎక్స్ ట్రయల్ 2018లో వచ్చింది. విశ్లేషణకు తీసుకున్న 9719 మందిలో 6711 మందికి 11 నుంచి 25 మధ్య స్కోర్. వాళ్లలో కొందరికి కీమోతో పాటు మాత్రలు, కొందరికి మాత్రలే. తొమ్మిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు రెండు వైపులా దాదాపు 94 శాతం. వేలాదిమంది స్త్రీలు కీమో లేకుండా బయటపడే దారి దీనితో తెరుచుకుంది.

అయితే 50 ఏళ్లలోపు ఉండి 16 నుంచి 25 స్కోర్ వచ్చినవాళ్లలో కీమోతో కొంత లాభం కనిపించింది. అది కీమో క్యాన్సర్ కణాలను చంపడం వల్లా, లేక వయసులో ఉన్నవాళ్లలో కీమో అండాశయాలను ఆపేసి ఈస్ట్రోజెన్ తగ్గించడం వల్లా అన్నది పెద్ద చర్చ. రెండోదే కారణమైతే కీమో బదులు అండాశయాలను ఆపే ఇంజెక్షన్ చాలు. బీట్సన్ 1896లో చేసిన పని దగ్గరికే మళ్లీ వచ్చినట్టు. ఆఫ్‌సెట్ అనే ట్రయల్ ఇదే ప్రశ్న మీద జరుగుతోంది. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పడమటి దేశాల కంటే చిన్న వయసులో వస్తున్న సందర్భాలు ఎక్కువ, కాబట్టి దీని జవాబు మనకు మరీ అవసరం.

ఖర్చు విషయానికొస్తే ఆంకోటైప్‌కు ముక్కను అమెరికా పంపాలి, లక్షల్లో అవుతుంది. బెంగళూరులో ఆంకోస్టెమ్ సంస్థ మామూలు ల్యాబ్ పద్ధతిలోనే ఐదు ప్రొటీన్లను చూసి ముప్పు లెక్కకట్టే క్యాన్అసిస్ట్ బ్రెస్ట్ తెచ్చింది, ధర తక్కువ. కానీ టైలర్‌ఎక్స్ అంత పెద్ద ట్రయల్ దాని వెనక లేదు. రుజువు ఎక్కువున్న ఖరీదైన పరీక్షా, రుజువు తక్కువున్నా అందుబాటులో ఉన్న పరీక్షా అన్నది డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్న విషయం.

ట్రిపుల్ నెగెటివ్: పట్టుకోవడానికి ఏమీ దొరకనప్పుడు

ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ లేకపోతే ట్రిపుల్ నెగెటివ్. ఇది మన దేశంలో పడమటి దేశాల కంటే ఎక్కువ పాళ్లలో కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఇన్నాళ్లూ దీనికి కీమో ఒక్కటే దిక్కు. ఇప్పుడు రెండు దారులు తెరుచుకున్నాయి.

ఒకటి బీఆర్‌సీఏ జన్యువులు. 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ వీటిలో మొదటిది 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించింది. ఇవి దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే జన్యువులు. ఇవి పాడైన క్యాన్సర్ కణం బతకడానికి ఇంకో మరమ్మతు మార్గం మీద ఆధారపడుతుంది, ఒలాపారిబ్ ఆ మార్గాన్ని మూసేస్తుంది. ఒలింపియా ట్రయల్‌లో ముప్పు ఎక్కువున్న తొలి దశ జబ్బులో, మూడేళ్లకు జబ్బు తిరిగి రానివాళ్లు ఈ మందుతో 85.9 శాతం, లేకుండా 77.1 శాతం. ఈ మార్కర్ గడ్డలోనే కాదు, పుట్టుకతో ఒళ్లంతా ఉంటుంది, కాబట్టి అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ, అన్నదమ్ములకు కూడా వర్తిస్తుంది. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ రిపోర్టును బయటపెట్టకుండా దాచేస్తారు. ఆ భయం ఎందుకో నాకు అర్థమవుతుంది, కానీ దాస్తే ముందుగా పరీక్షలు చేయించుకునే అవకాశం పోయేది ఆ పిల్లకే.

రెండోది ఇమ్యునోథెరపీ, అంటే శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే చికిత్స. అందులో వాడే మందు పెంబ్రోలిజుమాబ్. పీడీ-ఎల్1 అనే మార్కర్ ఎక్కువుంటే ఇది బాగా పని చేయాలి. పాకిన జబ్బులో అలాగే ఉంది, పీడీ-ఎల్1 స్కోర్ 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవాళ్లకే లాభం. తొలి దశలో మాత్రం పీడీ-ఎల్1 ఉన్నా లేకున్నా మేలు కనిపించింది. అదే మందు, అదే మార్కర్, జబ్బు దశ మారేసరికి మార్కర్ పనికిరాకుండా పోయింది. ఇక ఖర్చు తక్కువ దారి కూడా ఒకటుంది. ముంబై టాటా మెమోరియల్‌లో దాదాపు 720 మందితో చేసిన ట్రయల్‌లో, ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కీమోలో పాత మందు కార్బోప్లాటిన్ కలిపితే 50 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు, పై వయసువాళ్లలో లాభం కనపడలేదు. ఇక్కడ మార్కర్ ఆధార్ కార్డు మీది పుట్టిన తేదీ అనుకోవచ్చు.

రక్త పరీక్షలు: ముందే తెలిస్తే మంచిదేనా?

"ఒక్క చుక్క రక్తంతో క్యాన్సర్ తిరిగొస్తోందో లేదో తెలుస్తుంది" అనే ప్రకటనలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. సీఏ 15-3 పాతది, లక్షణాలేవీ లేనివాళ్లలో దాన్ని పదే పదే చేయడాన్ని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో సిఫారసు చేయదు. కొత్తవి రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏ ముక్కలను పట్టుకుంటాయి.

ముందే తెలియడం మంచిదేనని మనసుకు వెంటనే అనిపిస్తుంది. 2014లో వచ్చిన ఎస్0500 ట్రయల్ ఆ నమ్మకాన్ని పరీక్షించింది. పాకిన జబ్బు ఉన్న స్త్రీల రక్తంలో క్యాన్సర్ కణాలు మొదటి విడత కీమో తర్వాత కూడా తగ్గకపోతే, స్కాన్ దాకా ఆగకుండా వెంటనే మందు మార్చి చూశారు. వాళ్లు మార్చనివాళ్ల కంటే ఎక్కువ కాలం బతకలేదు. ముప్పును పరీక్ష సరిగ్గానే చెప్పింది, మార్చి ఇవ్వడానికి మెరుగైన మందు లేదు.

2025లో సెరెనా-6 ఫలితాలు కొత్త సంగతి చెప్పాయి. హార్మోన్ మాత్రలు వాడుతుండగా ఈఎస్ఆర్1 అనే జన్యువులో మార్పు వస్తే కణం ఆ మాత్రలకు లొంగడం మానేస్తుంది. స్కాన్‌లో జబ్బు పెరగకముందే రక్తంలో ఈ మార్పు కనపడిన 315 మందిలో కొందరికి కామిజెస్ట్రాంట్ అనే వేరే మాత్రకు మార్చారు. జబ్బు పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 16 నెలలు, మార్చనివాళ్లలో 9.2 నెలలు. ఈసారి రక్తం చెప్పిన సంగతికి సరిపోయే మందు చేతిలో ఉంది.

దీన్ని మెచ్చుకునేవాళ్లు, జబ్బు పెరిగి నొప్పులు మొదలయ్యేదాకా ఎందుకు ఆగాలి, జీవన నాణ్యత కూడా ఎక్కువ కాలం నిలిచింది కదా అంటారు. సందేహించేవాళ్లు, అదే మందును స్కాన్‌లో పెరిగాక ఇచ్చి ఉంటే చివరికి అంతే కాలం బతికేవాళ్లేమో, మొదటి మందును ముందే ఆపేసి రెండోదాన్ని తొందరగా ఖర్చు చేశామేమో, రెండు మూడు నెలలకోసారి రక్తం ఇస్తూ ఫలితం కోసం గుండె చిక్కబట్టుకుని కూర్చునే స్త్రీల సంగతేంటి అని అడుగుతారు. మొత్తం బతికిన కాలం లెక్క తేలడానికి ఆ ఫలితాలు వచ్చేనాటికి ఇంకా సమయం పట్టేలా ఉంది. నేను రెండో పక్షం ప్రశ్నల వైపే కాస్త మొగ్గుతాను. మందు మారితే మనిషి ఎక్కువ కాలం, లేదా హాయిగా బతికిందని తేలినప్పుడే ఆ పరీక్షకు రోగి ఇంటి డబ్బు పెట్టమని అడగాలి. తొలి దశ జబ్బుకు చికిత్స పూర్తయి మామూలుగా తిరుగుతున్నవాళ్లకు అమ్ముతున్న రక్త పరీక్షల విషయంలో అలాంటి రుజువు ఇంకా రాలేదు.